టైమ్స్ స్క్వేర్‌లో కోహన్

న్యూయార్క్‌లోని టైమ్స్ స్క్వేర్ అంటే అందరికీ వెలుగుల ప్రకటనలే గుర్తుకొస్తాయి. నేను మాత్రం వెళ్లింది ఒక కంచు విగ్రహం కోసం. బ్రాడ్వే మీద 46వ వీధి దగ్గర, టోపీ, చేతికర్ర పట్టుకుని జార్జ్ ఎం. కోహన్ నిలబడి ఉంటాడు. నటుడు, గాయకుడు, నర్తకుడు, రచయిత, నిర్మాత అన్నీ ఆయనే. 1878లో అమెరికాలోని ప్రావిడెన్స్‌లో పుట్టి, అమ్మానాన్నలతో, అక్కతో కలిసి చిన్ననాడే వేదికెక్కాడు. ఇంటిల్లిపాదీ రంగస్థలాన్నే నమ్ముకున్న మన సురభి కుటుంబాలు గుర్తొచ్చాయి నాకు.

ఆయనను నాకు పరిచయం చేసింది 1942 నాటి సినిమా ‘యాంకీ డూడుల్ డాండీ’. మైకేల్ కర్టిజ్ తీసిన ఆ నలుపు తెలుపు చిత్రంలో కోహన్ పాత్రకు జేమ్స్ కాగ్నీ ఆస్కార్ అందుకున్నాడు. అంతవరకూ జనం దృష్టిలో కాగ్నీ అంటే తెర మీద తుపాకీ పట్టిన ముఠా మనిషి. సినిమా చివర్లో కోహన్‌గా అధ్యక్షుడిని కలిసి వైట్‌హౌస్ మెట్లు దిగుతూ, ఉన్నట్టుండి ప్రతి మెట్టు మీదా తాళం వేస్తూ నర్తిస్తాడు. ఆ కొద్ది క్షణాల కోసమే సినిమా మళ్లీ మళ్లీ చూస్తాను.

కోహన్ విగ్రహం 1959లో పెట్టారు. దిమ్మె మీద, బ్రాడ్వేకు నా నమస్కారాలు చెప్పండి అనే అర్థంలో ఆయన 1904 నాటి పాట పల్లవి చెక్కి ఉంది. నన్ను కదిలించింది మాత్రం వెనకున్న రెండో విగ్రహం. అది ఫాదర్ డఫీది. మొదటి ప్రపంచయుద్ధంలో న్యూయార్క్ దళంతో ఫ్రాన్స్ వెళ్లిన మతగురువు ఆయన. పెద్ద శిలువ ముందు, సైనిక దుస్తుల్లో నిలబడ్డాడు. 1917లో అమెరికా యుద్ధంలోకి దిగగానే కోహన్ రాసిన ‘ఓవర్ దేర్’ పాట యువకులను సముద్రం దాటి రమ్మంది. దాటినవాళ్ల వెంట డఫీ ఉన్నాడు. తెర మీద ఉత్సాహంగా విన్న ఆ పాట బరువు ఈ ఇద్దరినీ ఒకేచోట చూసినప్పుడే నాకు తెలిసింది. దేశభక్తి గీతాలకుగాను కోహన్‌కు 1940లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ చేతుల మీదుగా అమెరికా కాంగ్రెస్ బంగారు పతకం అందింది.

సినిమా అన్నీ చెప్పదు. 1919లో నటులు సమ్మె చేసినప్పుడు కోహన్ నిర్మాతల పక్షాన నిలిచి నటుల సంఘాన్ని గట్టిగా వ్యతిరేకించాడు. ఆయన రెండు పెళ్లిళ్లు తెర మీద ఒక్కటయ్యాయి. తెల్లవాళ్లు ముఖాలకు నల్లరంగు పూసుకుని నల్లజాతివారిలా ఆడే సన్నివేశం ఈ రోజు చూడటం కష్టం. ఇవి తెలిసీ కాగ్నీ అడుగులను ప్రేమిస్తాను.

అక్కడి నుంచి 51వ వీధికి నడిచాను. చిత్రం తొలి ప్రదర్శన 1942 మే 29న అక్కడి హాలీవుడ్ థియేటర్‌లో జరిగింది. అమెరికాను రెండో ప్రపంచయుద్ధంలోకి లాగిన పెర్ల్ హార్బర్ దాడి జరిగి ఆరు నెలలైనా కాలేదు. సీటు కావాలంటే యుద్ధ ఖర్చుల కోసం ప్రభుత్వం అమ్మే బాండు కొనాలి, 25 డాలర్ల నుంచి 25,000 డాలర్ల దాకా. కోహన్ ఆరోగ్యం దెబ్బతినడంతో అమెరికా స్వాతంత్ర్య దినమైన జులై 4 దాకా ఆగకుండా ముందే విడుదల చేశారు. ఆ నవంబరు 5న ఆయన కన్నుమూశాడు.

థియేటర్ ఇప్పుడు టైమ్స్ స్క్వేర్ చర్చి. బయట గోడ సాదాగానే ఉంటుంది, అసలు వైభవమంతా లోపలే. ప్రార్థన వేళకు వెళితే స్తంభాలు, బొమ్మలు వేసిన పైకప్పు తనివితీరా చూడవచ్చు.