ద్రాక్షరసంలో చేప తిత్తి: వీగన్ వైన్ వెతకడంలో నా అనుభవం

వైన్ ద్రాక్షతోనే కదా చేస్తారు, అందులో జంతువు సంగతి ఎక్కడిది? మాంసంతో పాటు పాలు, పెరుగు, తేనె కూడా మానేసి వీగన్‌గా బతుకుతున్నానని తెలిసిన ప్రతి ఒక్కరూ నన్ను ఈ మాట అడిగారు. నాకు దీని జవాబు మొదట చెప్పినవాడు అంతర్వేది రేవులో చేపల వ్యాపారం చేసే నా పాత విద్యార్థి.

ఒకరోజు నేను అటు వెళ్తే పిలిచి కూర్చోబెట్టి, గుడ్డలో చుట్టి దాచిన వస్తువు ఒకటి తీసి చేతిలో పెట్టాడు. "మాస్టారూ, కచిడి చేప పొట్టలోది. చేప ధర అంతా దీనిలోనే ఉంది" అన్నాడు. అది గాలితిత్తి. చేప నీళ్లలో పైకీ కిందికీ కదలడానికి గాలి నింపుకునే సంచి. ఎండి గట్టిపడింది. లేత పసుపు రంగు, అంచులు కాస్త ముడుచుకుని ఉన్నాయి. వెలుతురుకు అడ్డంగా పట్టుకుంటే వెనక నా వేళ్లు మసకగా కనిపించాయి. పెద్దగా వాసన లేదు. కలకత్తా వ్యాపారులు కొని పై దేశాలకు పంపుతారని, మందుల్లోనూ వైన్ తేర్చడంలోనూ వాడతారని చెప్పాడు. ఇంటికి వచ్చి చదివాను. ఇలాంటి తిత్తుల్లో ఎక్కువ భాగం చైనా, హాంకాంగ్ వైపు సూపుల్లోకి పోతుంది. అయితే వైన్ మాట కూడా నిజమే. చేపల గాలితిత్తిని ఎండబెట్టి శుద్ధి చేస్తే వచ్చే పదార్థం పేరు ఐసింగ్లాస్. పూర్వం స్టర్జన్ చేప నుంచి తీసేవారు. బీరునూ, తెల్ల వైన్‌నూ తేర్చడానికి దాన్ని చాలాకాలంగా వాడుతున్నారు.

తేర్చడం అంటే మన వైపు వాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు. గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడు మా నాయనమ్మ చిల్లగింజను రాతి మీద అరగదీసి, ఆ గంధాన్ని బిందెలో కలిపేది. తెల్లవారేసరికి ఒండ్రు అడుగుకు చేరి పైన తేటనీరు నిలిచేది. వైన్ విషయంలో జరిగేదీ అదే. కొత్త వైన్‌లో ద్రాక్ష ప్రోటీన్లు, వగరునిచ్చే టానిన్లు, చచ్చిన ఈస్టు కణాలు తేలుతుంటాయి. నెలల తరబడి కదపకుండా ఉంచితే చాలావరకు వాటంతట అవే దిగుతాయి. అంతకాలం ఆగలేనివారు, వగరు తగ్గించాలనుకునేవారు ఏదో ఒకటి కలిపి దింపుతారు. ఆ కలిపేది ఏమిటన్నదే వీగన్ ప్రశ్న అంతా.

చేప తిత్తి ఒకటి. గుడ్డు తెల్లసొన మరొకటి. ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతపు ఎర్ర వైన్లకు 225 లీటర్ల పీపాకు కొన్ని గుడ్ల చొప్పున తెల్లసొన గిలకొట్టి కలపడం అక్కడ పాత ఆచారం. పాల నుంచి తీసిన కేసీన్ తెల్ల వైన్లకు వాడతారు. ఎముకలు, తోళ్ల నుంచి తీసే జెలటిన్ ఉండనే ఉంది. ఎద్దు రక్తం కూడా ఒకప్పుడు వాడేవారు, ఐరోపాలో దాన్ని నిషేధించారు. ఇవి చదువుతుంటే నాకు మా డెల్టాయే కళ్ల ముందు నిలిచింది. రేవులో తిత్తులు, అనపర్తి, తణుకు వైపు కోళ్లఫారాల్లో గుడ్లు. భీమవరం రొయ్యల షెడ్ల దగ్గర గుట్టలు పడే పెంకుల నుంచి కైటోసాన్ అనే పదార్థం తీయవచ్చు, వైన్ తేర్చడానికి కైటోసాన్ కూడా వాడతారు. రొయ్య దగ్గర మాత్రం ఊరట దొరికింది. ఐరోపా సమాఖ్య నిబంధనల ప్రకారం వైన్‌లో వాడే కైటోసాన్ శిలీంధ్రం నుంచి తీసినదే అయి ఉండాలి.

జంతువుల జోలికి పోని దారులూ ఉన్నాయి. అందరికంటే ముందు చెప్పుకోవలసింది బెంటొనైట్ అనే మెత్తటి బంకమట్టి. మన గుజరాత్‌లోని కచ్ ప్రాంతంలోనూ తవ్వుతారు. రసాయనశాస్త్రం పాఠం చెప్పినవాడిని కాబట్టి దీని పనితీరు నాకు భలే ఇష్టం. వైన్ పులుపులో ద్రాక్ష ప్రోటీన్లకు ధనావేశం ఉంటుంది, ఈ మట్టి రేణువులకు రుణావేశం. రెండూ అతుక్కుని, బరువెక్కి, కిందికి దిగిపోతాయి. బఠాణీ ప్రోటీన్, బంగాళాదుంప ప్రోటీన్, బొగ్గు పొడి కూడా వాడుకలో ఉన్నాయి. అంటే చేపను చంపకుండా చేయలేని పని కాదిది.

"అడుగుకు దిగిపోయినదాన్ని తీసేస్తారు కదా, సీసాలోకి రాదు కదా" అని మా బావగారు వాదించారు. మాట సబబే. గుడ్డు పడని మనిషికి ఎంత మిగిలిందన్నదే ముఖ్యం. నాకు ముఖ్యం వేరు. నా గ్లాసు తేటగా కనిపించడానికి ఒక ప్రాణి పోయిందా లేదా అన్నది నేను అడుగుతున్నాను. మిగిలింది సున్నా అయినా ఆ ప్రశ్న అలాగే ఉంటుంది.

ఇదంతా అవసరమైంది మా ఇంటి సంక్రాంతి కోసం. అమ్మాయి మెల్‌బోర్న్ నుంచి, మేనల్లుడు ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి, బావగారూ చెల్లెలూ లండన్ నుంచి రాజోలు దగ్గర మా ఊరికి వస్తామన్నారు. కనుమ సాయంత్రం కొబ్బరితోటలో విందు, పూర్తిగా వీగన్. వైన్ కూడా ఉండాలని పిల్లల కోరిక. విదేశం నుంచి వచ్చే ప్రయాణికుడు మనిషికి రెండు లీటర్ల వరకు సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు కాబట్టి, ఎవరి దేశం నుంచి వాళ్లు తేవాలనీ, ఏది తేవాలో నేను తేల్చాలనీ అనుకున్నాం. బిల్లులు దగ్గర ఉంచుకోమని అందరికీ చెప్పాను.

ఇక్కడే కొనకూడదా అంటే, చుట్టుపక్కల దుకాణాల్లో బ్రాందీ, విస్కీ, బీరు దొరికినంత సులువుగా ద్రాక్ష వైన్ దొరకదు. ఉన్న ఒకటి రెండు రకాలనూ తిప్పి చూశాను. మన దేశంలో పొట్లాల మీద వేసే ఆకుపచ్చ చుక్క, గోధుమరంగు త్రికోణం నిబంధన మద్యానికి వర్తించదు. వీగన్ ఆహారానికి 2022లో వేరే నిబంధనలు, ప్రత్యేక చిహ్నం వచ్చాయి గానీ నేను చూసిన సీసాల మీద అది లేదు. యానాంలో రకాలు ఎక్కువే. అక్కడి సీసా ఇటు దాటించడం ఎక్సైజ్ నిబంధనలకు విరుద్ధం కనుక ఆ దారి పట్టలేదు.

సీసా మీది చీటీని చదవడం ఒక విద్య. ఐరోపాలో 2012 నుంచి గుడ్డు, పాల పదార్థాలు వాడి, వాటి ఆనవాలు వైన్‌లో మిగిలితే చీటీ మీద రాయాలి. చేప తిత్తికి మాత్రం మినహాయింపు ఇచ్చారు. ఆస్ట్రేలియాలోనూ అంతే. కాబట్టి 'గుడ్డు ఉంది', 'పాలు ఉన్నాయి' అన్న మాట కనబడకపోతే చేప కూడా లేదని అనుకోవడానికి వీల్లేదు. 2023 డిసెంబర్ 8 తరువాత తయారైన వైన్లకు ఐరోపా సమాఖ్యలో దినుసుల జాబితా ఇవ్వడం తప్పనిసరి చేశారు, ఫోనుతో స్కాన్ చేసి చూడవచ్చు. మేనల్లుడు ఎంతో ఉత్సాహంగా ఆ జాబితాల ఫోటోలు పంపాడు. నాకు కావలసిన సంగతి వాటిలో లేదు. తేర్చడానికి వాడి తీసేసే పదార్థాలను దినుసులుగా లెక్కించరు.

మా అమ్మాయి ఒక దుకాణంలో అడిగితే "సేంద్రియ వైన్ తీసుకోండి, అన్నీ వీగనే" అన్నారట. అది సరికాదు. ఐరోపా సేంద్రియ నిబంధనలు తెల్లసొననూ, కేసీన్‌నూ, జెలటిన్‌నూ, ఐసింగ్లాస్‌నూ అనుమతిస్తాయి. 'వడగట్టనిది' అని రాసి ఉన్నా సరిపోదు. వడగట్టడం వేరు, తేర్చడం వేరు. తేర్చి, వడగట్టకుండా సీసాలో పోసే వాళ్లున్నారు. రెండూ చేయలేదని స్పష్టంగా రాస్తేనే నమ్మాలి. బయోడైనమిక్ అనే సాగు పద్ధతిలో ఆవు కొమ్ములో పేడ నింపి నేలలో పాతి, దాన్ని తరువాత తోటకు వాడతారు. పశువులతో కలిసి బతికిన ఊరివాడిగా ఆ పద్ధతిని నేను తప్పుపట్టను. నా పట్టికలో మాత్రం దానికి చోటివ్వలేదు. ఇటలీలో టస్కనీ ప్రాంతపు క్వెర్చాబెల్లా వాళ్లు తోటలో కూడా జంతు పదార్థాలు లేకుండా సాగు చేస్తున్నారని తెలిసి ఎంతో సంతోషించాను. సీసా దగ్గర ఆగకుండా మట్టి దాకా వెళ్లి ఆలోచించినవాళ్లు వాళ్లు.

నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆకట్టుకున్నది, ఎక్కువ ఊగిసలాడించినది జార్జియా వైన్. కాకసస్ పర్వతాల దేశం అది. అక్కడ క్వెవ్రి అనే పెద్ద మట్టి కాగులను మెడ వరకు నేలలో పాతి, ద్రాక్షను తొక్కలతో, గింజలతో సహా అందులోనే పులియబెడతారు. యునెస్కో 2013లో ఈ పద్ధతిని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. కాగు అడుగు కోసుగా ఉండటం వల్ల గింజలూ మడ్డీ అక్కడికి దిగి, నెలల్లో వైన్ తనంతట తాను తేరుకుంటుంది. చేప లేదు, గుడ్డు లేదు. ఇంతకంటే ఏం కావాలి అనుకుంటుండగా ఇంకో సంగతి చదివాను. కాగు లోపలి గోడలకు తేనెమైనం పూస్తారు. తేనె మానేసినవాడిని మైనం ఎలా సరేననను? మేనల్లుడు ఫోనులో "మావయ్యా, మరీ అంత పట్టుదలా?" అన్నాడు. వాడి మాటలో ప్రేమే ఉంది. నేను కాసేపు ఆలోచించి, ఈసారికి వద్దన్నాను. ఆ పద్ధతి మీద గౌరవం ఏమాత్రం తగ్గలేదు.

ఇక సరైన చిరునామాలు పట్టడం. బ్రిటన్‌లో 1944లో ఏర్పడిన వీగన్ సొసైటీ ముద్ర, ఐరోపాలో వీ-లేబుల్ ముద్ర ఉంటే సగం పని తీరుతుంది. వీ-లేబుల్‌లో శాకాహారానికీ వీగన్‌కూ వేరువేరు మాటలు ఉంటాయి, కింద రాసినది చదవాలి. అక్కడి లెక్కలో శాకాహార వైన్‌కు గుడ్డు, పాలు వాడి ఉండవచ్చు. బార్నివోర్ అనే ఆన్‌లైన్ పట్టిక చాలా ఉపయోగపడింది. కంపెనీలు ఇచ్చిన జవాబులను అక్కడ పోగుచేసి పెడతారు. ఆ జవాబు ఏ సంవత్సరంలో వచ్చిందో చూసుకోవాలి. వైన్ తయారుచేసేవాళ్లు పంటను బట్టి నిర్ణయం మార్చుకుంటారు. ఒక ఏడు వానలకు ప్రోటీన్ పెరిగితే ఒకటి, ఇంకో ఏడు వగరు ఎక్కువైతే మరొకటి వాడవచ్చు.

అందుకే తయారీదారులకు నేరుగా ఉత్తరాలు రాశాం. ఇక్కడ నాకు బాగా పనికివచ్చిన మెళకువ ఒకటుంది. 'మీ వైన్ వీగనేనా?' అని అడిగితే అమ్మకాల విభాగం నుంచి 'అవును' అని రెండు ముక్కల జవాబు వస్తుంది. పదార్థాల పేర్లు పెట్టి అడిగితే ఆ ఉత్తరం వైన్ చేసే మనిషి చేతికి వెళ్తుంది. జర్మనీలో మోసెల్ లోయకు చెందిన ఒక చిన్న కుటుంబం వాళ్లు ఏ నెలలో బెంటొనైట్ కలిపారో, ఎన్నాళ్లు ఆగారో కూడా రాశారు. దూరదేశం నుంచి ఒక పల్లెటూరి మాస్టారు అడిగితే అంత ఓపికగా చెప్పారు. వాళ్ల రీస్లింగ్ అనే తెల్ల వైన్‌నే మేనల్లుడు తెచ్చాడు, దానితో పాటు వీ-లేబుల్ ఉన్న నురుగు వైన్ ఒకటి. అమ్మాయి ఆస్ట్రేలియాలో 1849లో మొదలైన యలుంబా వాళ్ల వియోనియే అనే తెల్ల వైన్ తెచ్చింది. తమ వైన్లు వీగన్ అని వాళ్లు బాహాటంగా చెబుతారు. బోర్డో లేనిదే విందు కాదన్న బావగారికి మార్గో ప్రాంతంలోని షాతో దోజాక్ పేరు చెప్పాను. బోర్డో వైన్ల 1855 నాటి వర్గీకరణలో చోటున్న పాత సంస్థ అది, గుడ్డును వదిలి వృక్ష ప్రోటీన్లకు మారింది. అంత పేరున్నవాళ్లు ఆచారాన్ని మార్చుకోవడం నాకు కొండంత ధైర్యమిచ్చింది.

కనుమ నాడు మినుము తినాలంటారు. మినపగారెలు నూనెలోంచి తీసినవి తీసినట్టుగా నురుగు వైన్‌తో మొదలుపెట్టాం. కరకరలాడే గారెకు ఆ పులుపు, బుడగలు బ్రహ్మాండంగా కుదిరాయి. ఆవపెట్టిన పనసపొట్టు కూరకు కాస్త తీపి ఉన్న రీస్లింగ్ తప్ప మరొకటి నేను సిఫారసు చేయను. ఆవ ఘాటును అది సర్దుతుంది. కొబ్బరిపాలతో చేసిన కూరలకు వియోనియే. బోర్డోను కారం కూరలకు దూరంగా ఉంచాం. కారం పక్కన టానిన్ వగరు రెట్టింపు అనిపిస్తుంది. కందిపొడి, కాల్చిన వంకాయ పచ్చడి వరకు దానికి అప్పగించాం. చెల్లెలు నెయ్యి లేకుండా చుట్టించిన పూతరేకులు చివర్లో వచ్చేసరికి సీసాలన్నీ ఖాళీ.

ఎవరికైనా పనికివస్తుందని మేము పంపిన ఉత్తరం సారాంశం ఇక్కడ ఇస్తున్నాను, ఏ భాషలోకైనా మార్చుకుని వాడుకోండి: "మీ ఫలానా వైన్, ఫలానా సంవత్సరపు పంట గురించి అడుగుతున్నాను. దాన్ని తేర్చడానికి ఏ పదార్థాలు వాడారో పేర్లతో చెప్పగలరా? ఐసింగ్లాస్, జెలటిన్, కేసీన్, గుడ్డు తెల్లసొన, వీటిలో ఏదైనా ఏ దశలోనైనా కలిపారా? పాత్రల పూతలో గానీ సీసా మూత మీద గానీ తేనెమైనం వాడారా? ఆ సంవత్సరపు సీసాలన్నిటికీ ఇదే వర్తిస్తుందా?" జవాబు రాకపోతే ఆ పేరు పక్కన పెట్టి తరువాతి తోటకు రాయండి.