నవ్వితే నువ్వుండలు, ఆ తరువాత?

మా ఇంట్లో పసిపిల్లల ఎదుగుదలకు ఒక పిండివంటల పట్టిక ఉండేది. నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులు వేస్తే అరిసెలు, పలుకులు వస్తే పంచదార చిలకలు. గృహవిజ్ఞాన డిగ్రీలో ‘మానవ వికాసం’ పాఠాలు మొదలైన మొదటి వారంలోనే మా అధ్యాపకురాలు బోర్డు మీద మైలురాళ్ల పట్టిక రాసినప్పుడు నాకు వెంటనే తోచింది ఇదే. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య పలకరిస్తే నవ్వడం, మూడో నెల దాటేసరికి మెడ నిలపడం, తరువాత బోర్లా పడడం, కూర్చోవడం, ఏడాదికి అటూ ఇటూగా అడుగులు వేయడం. వరుస మా నాయనమ్మ చెప్పినదే, నువ్వుండలు మాత్రం లేవు. వికాసం తల నుంచి పాదాల వైపు సాగుతుందన్న సూత్రాన్ని పుస్తకం ‘శిరఃపాదాభిముఖ వికాసం’ అంటుంది. ఆ పేరు వినకపోయినా, మెడ నిలవని బిడ్డను ఎత్తుకునేటప్పుడు తల కింద చెయ్యి పెట్టమని ఇంటికి వచ్చిన ప్రతివారికీ చెప్పే నాయనమ్మకు ఆ క్రమం బాగానే తెలుసు.

అయితే తెలిసిన విషయమే కదా అన్న ధీమా ఎక్కువ కాలం నిలవలేదు. పెరుగుదల వేరు, వికాసం వేరు అన్నది మాకు చెప్పిన మొదటి భేదం. పెరుగుదలను తూచవచ్చు, కొలవవచ్చు: పుట్టినప్పటి బరువు సుమారు అయిదో నెలకు రెట్టింపవుతుంది, ఏడాదికి మూడింతలవుతుంది, పుట్టినప్పుడు 50 సెంటీమీటర్లున్న పొడవు ఏడాదికి 75 దాకా వస్తుంది. నడవడం, మాట్లాడడం, ఆలోచించడం వంటి సామర్థ్యాల్లో వచ్చే మార్పైన వికాసం అలా త్రాసుకు దొరకదు. ఒక వయసు తరువాత పెరుగుదల ఆగిపోతుంది, వికాసం ఆగదు. ఈ చివరి వాక్యాన్ని పరీక్షలో రెండు మార్కుల కోసం బట్టీపట్టి రాశాను. అందులో ఎంత ఉందో అప్పటికి నాకు తెలియదు.

క్షేత్రానుభవం కోసం మమ్మల్ని ఒక అంగన్‌వాడీ కేంద్రానికి పంపించారు. అక్కడ దూలానికి వేలాడదీసిన స్ప్రింగు త్రాసులో బిడ్డను కూర్చోబెట్టి బరువు చూడడం, మగపిల్లలకు నీలం, ఆడపిల్లలకు గులాబీ రంగు పెరుగుదల పటం మీద చుక్క పెట్టడం మా పని. చుక్క పెట్టాలంటే ముందు వయసు నెలల్లో తెలియాలి. కార్డు పోగొట్టుకున్న ఒక తల్లి, బిడ్డ ఎప్పుడు పుట్టాడని అడిగితే, వినాయక చవితికి ముందు పెద్ద వాన పడిన వారంలో అని చెప్పింది. నేను కలం పట్టుకుని తెల్లబోయాను. అంగన్‌వాడీ టీచరుగారు మాత్రం పండుగలూ, నాట్లూ, కోతలూ రాసిపెట్టుకున్న ఒక పాత క్యాలెండరును తీసి, నిమిషంలో వారం లెక్క తేల్చేశారు.

ఆ పటాల వెనుక ఉన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో విడుదల చేసిన ప్రమాణాలు. బ్రెజిల్, ఘనా, ఇండియా, నార్వే, ఒమన్, అమెరికా అనే ఆరు దేశాల పిల్లలను కొలిచి వాటిని తయారుచేశారు; మన దేశం తరఫున ఢిల్లీ పిల్లలను తీసుకున్నారు. తల్లిపాలు, ఆరోగ్యకరమైన పరిసరాలు అందితే అయిదేళ్ల లోపు పిల్లలు ఏ దేశంలోనైనా దాదాపు ఒకే తీరుగా పెరుగుతారన్నది అందులో తేలిన ముఖ్య విషయం. ‘మనవాళ్లు పొట్టివాళ్లు, ఇంతే పెరుగుతారు’ అని సరిపెట్టుకోవడానికి అది అవకాశమివ్వదు. అదే అధ్యయనంలో సొంతంగా నడవడం అన్నది 8.2 నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చని తేలింది. నూటికి నలుగురైదుగురు పిల్లలు అసలు దోగాడకుండానే లేచి నడిచేశారు. పక్కింటి పిల్ల పదో నెలలో నడిచిందని తమ బిడ్డకు నడకబండి కొనే తల్లిదండ్రులకు నేను ఈ రెండు అంకెలనూ ఇప్పటికీ చెబుతూనే ఉంటాను. చాలామంది తలూపి, తరువాత బండి కొంటారు.

కళాశాలకు అనుబంధంగా ఉన్న నర్సరీ బడిలో జరిగిన ప్రయోగ తరగతులే ఆ మూడేళ్లలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి. పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో దశలుగా చెప్పిన మనస్తత్వవేత్త పియాజే తన ముగ్గురు పిల్లలనూ ఉయ్యాల నుంచే గమనిస్తూ రాసుకున్న నోట్సు మీద తన సిద్ధాంతంలో తొలి దశల వివరణను నిలబెట్టాడని చదువుకున్నాం. అందుకని మేమూ నోటుపుస్తకాలు పట్టుకుని మూలన కూర్చునేవాళ్లం. రెండు నుంచి ఏడేళ్ల వరకూ ఉండే పూర్వ ప్రచాలక దశలో పిల్లలకు పదిలపరచుకొనే భావన ఉండదని, అంటే ఆకారం మారినా పరిమాణం మారదన్న సంగతి పట్టుబడదని పుస్తకం చెబుతుంది. నేను నాలుగేళ్ల పిల్లవాడి ముందు రెండు ఒకేలాంటి గ్లాసుల్లో సమానంగా నీళ్లు పోసి, ఒకదానిలోని నీళ్లను అతని కళ్ల ముందే సన్నటి పొడుగు గ్లాసులోకి వంపాను. వంపడానికి ముందు ‘రెండూ ఒకటే’ అన్నవాడు, వంపిన తరువాత పొడుగు గ్లాసు చూపించి ‘దీంట్లో ఎక్కువ’ అన్నాడు. పియాజే గెలిచాడని సంబరపడి రికార్డులో రాసుకున్నాను.

సాయంత్రం ఆ పిల్లవాడు చెప్పులు వేసుకుంటూ, తనంతట తానే, ‘మిస్, మీరు మళ్లీ అడిగారని మార్చి చెప్పాను’ అన్నాడు. మరునాడు అధ్యాపకురాలికి ఈ సంగతి చెబితే ఆమె నవ్వి, మనస్తత్వవేత్త మార్గరెట్ డొనాల్డ్‌సన్, ఆమె సహచరుడు మెగారిగిల్ 1974లో ప్రచురించిన ప్రయోగం గురించి చెప్పారు. అందులో వరుసగా పేర్చిన వస్తువులను పెద్దలు కాకుండా అల్లరి ఎలుగుబంటి బొమ్మ ఒకటి చెదరగొడుతుంది. అలా చెదిరినప్పుడు చాలా ఎక్కువమంది పిల్లలు సంఖ్య మారలేదని సరిగ్గా చెప్పారట. పెద్దవాళ్లు పనిగట్టుకుని ఏదో మార్చి, అడిగిన ప్రశ్ననే మళ్లీ అడిగితే, వాళ్లు వేరే జవాబు కోరుకుంటున్నారని పిల్లలు అనుకుంటారు. మన బడుల్లో ఈ మాట ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. పంతులుగారు ‘సరిగ్గా చూసి చెప్పు’ అన్నారంటే మొదటి జవాబు తప్పని అర్థం చేసుకోవడం మనకు ఒకటో తరగతిలోనే వచ్చేస్తుంది. నా రికార్డులో ఆ పేజీని కొట్టివేయకుండా, కింద ఈ సంగతిని కూడా చేర్చాను.

పుట్టుక నుంచి ముసలితనం దాకా మనిషి వికాసానికి మనస్తత్వవేత్త ఎరిక్‌సన్ చెప్పిన ఎనిమిది దశలను పరీక్ష కోసం అందరిలాగే వరుసగా వల్లెవేశాను: నమ్మకం–అపనమ్మకంతో మొదలై చిత్తసమగ్రత (గడిచిన బతుకుతో తృప్తి)–నిరాశతో ముగిసే జాబితా అది. గాంధీ మీదా, 1918 నాటి అహ్మదాబాదు మిల్లు కార్మికుల సమ్మె మీదా ఆయన 1969లో ఒక పెద్ద పుస్తకం వెలువరించారని తెలిశాక ఆ పేరు కొంచెం దగ్గరి మనిషిదిలా అనిపించింది. ఆయన దశలను మన ఆశ్రమ ధర్మాలతో పోల్చమన్నది తప్పక వచ్చే ప్రశ్న. బ్రహ్మచర్యం, గార్హస్థ్యం, వానప్రస్థం, సన్యాసం అని నాలుగు గడులు గీసి మేమంతా పోల్చేవాళ్లం. ఆ నాలుగు గడుల్లో మా నాయనమ్మ ఏ గడిలో ఉందని నేను అడిగితే తరగతిలో నవ్వారు కానీ జవాబు రాలేదు. ఆ గడులు మగవాడి జీవితాన్ని చూసి గీసినవి.

నా అసలు ఫిర్యాదు ఇక్కడే మొదలవుతుంది. మా పాఠ్యప్రణాళికలో పుట్టుక నుంచి ఆరేళ్ల వరకూ ఒక సెమిస్టరు మొత్తం, కౌమారానికి సగం సెమిస్టరు. ఇరవై నుంచి నలభై వరకూ రెండు తరగతులు. వృద్ధాప్యం చివరి అధ్యాయం, అదీ పరీక్షలు దగ్గరపడ్డాక ‘మీరే చదువుకోండి’ అని వదిలేసినది. కౌమారం మీద 1904లో రెండు సంపుటాల గ్రంథం రాసిన మనస్తత్వవేత్త స్టాన్లీ హాల్, డెబ్భై దాటాక 1922లో ముసలితనం మీద కూడా పుస్తకం రాశాడు. మా ప్రశ్నపత్రాల్లో మొదటిది ఏటా కనిపించేది, రెండోదాని జాడే లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారమే మన దేశంలో అరవై దాటినవారు పది కోట్లకు పైగా ఉన్నారు.

వదిలేసిన ఆ అధ్యాయాన్ని నేను హాస్టలు గదిలో ఒక్కదాన్నే చదివాను. వయసుతో తెలివి ఎలా మారుతుందో చూడడానికి మనస్తత్వవేత్త వార్నర్ షాయి 1956లో అమెరికాలోని సియాటిల్‌లో మొదలుపెట్టిన అధ్యయనం అందులో ఉంది. ఒకే రోజున ఇరవై ఏళ్లవారినీ డెబ్భై ఏళ్లవారినీ పరీక్షిస్తే వయసుతో తెలివి బాగా తగ్గిపోయినట్లు కనిపిస్తుంది. అదే మనుషులను ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ పరీక్షిస్తే ఆ తగ్గుదల చాలా ఆలస్యంగా, చాలా తక్కువగా వస్తుంది. తేడాలో చాలా భాగం వయసుది కాదు, వారు పుట్టిన కాలానిది, వారికి అందిన చదువుది. మరో మనస్తత్వవేత్త పాల్ బాల్టెస్ అయితే, ఏ వయసులోనైనా వికాసమంటే రాబడీ పోబడీ కలిసే ఉంటాయని వాదించాడు. వయసు మళ్లిన పియానో విద్వాంసుడు రూబిన్‌స్టైన్ తక్కువ కృతులు ఎంచుకుని, వాటినే ఎక్కువ సాధన చేసి, వేగంగా వాయించవలసిన చోటుకు ముందు కావాలని నెమ్మదించేవాడన్నది బాల్టెస్ ఇచ్చే ఉదాహరణ. నాకు పియానో తెలియదు. మా నాయనమ్మ ఒకప్పుడు వేసవిలో నాలుగు రకాల పచ్చళ్లు పెట్టేది. ఇప్పుడు ఆవకాయ ఒక్కటే పెడుతుంది, ముక్కలు కొట్టడం, కలపడం కోడళ్లకు వదిలేసింది, ఉప్పు మాత్రం తాను రుచి చూడనిదే జాడీ మూత కట్టనివ్వదు.

ప్రాజెక్టుకు అందరూ పసిపిల్లలను ఎంచుకుంటే నేను 77 ఏళ్ల నాయనమ్మను ఎంచుకున్నాను. అరవై దాటాక కొత్తగా ఏమి నేర్చుకున్నావని అడిగితే, ‘సంతకం’ అంది. తాతయ్య పోయాక పింఛను కోసం బ్యాంకుకు వెళ్లవలసి వచ్చిందట. వేలిముద్రకు అక్కడ ఎవరూ అభ్యంతరం చెప్పలేదు, కానీ సిరా అంటిన వేలిని పదిమందిలో గోడకు తుడుచుకోవడం ఆమెకు నచ్చలేదు. రెండో తరగతి చదువుతున్న నా పలక మీద, నా బలపంతోనే, మూడు నెలలు దిద్దింది. ఆ సంగతి నాకు లీలగా గుర్తుంది. ఆమె నాతో ఆడుకుంటోందనే అప్పట్లో అనుకున్నాను.

ప్రాజెక్టు పత్రం చిన్నపిల్లల కోసం అచ్చువేసినది కావడంతో చివరన ‘తల్లి లేదా తండ్రి సంతకం’ అని మాత్రమే ఉంది. నాయనమ్మ కళ్లజోడు సవరించుకుని ఆ గీతను చూసి, ‘ఎవరికి తల్లిగా పెట్టాలే?’ అంది. నేను ఆ మాటలను కొట్టివేసి పక్కన ఆమె పేరు రాయబోతుంటే చెయ్యి అడ్డుపెట్టి, పేరు తానే రాస్తానంది. ఒక్కో అక్షరం విడివిడిగా, తలకట్టు పెట్టిన ప్రతిసారీ కాసేపు ఆగి, మొత్తం పేరు రాసింది.