మోకాలిలోతు సముద్రం కోసం తిరుపతిలో ప్రాక్టీసు

ఫ్లై ఫిషింగ్ కోసం సీషెల్స్ ప్రయాణం ఖాయమైంది. మాహే దీవి నుంచి నైరుతి వైపు సుమారు 400 కిలోమీటర్లు పోతే అల్ఫాన్స్ వస్తుంది. దాని పక్కనున్న సెయింట్ ఫ్రాన్సువా లగూన్‌లో గైడుతో పాటు నీళ్లలో నడుస్తూ, చేప కంటికి కనిపించాకే ఫ్లై (హుక్కుకు ఈకలు, దారాలు కట్టి చేసే తేలికైన నకిలీ ఎర) వేయాలి. ప్రధానంగా బోన్‌ఫిష్, అదృష్టం ఉంటే ట్రిగ్గర్‌ఫిష్. ఖర్చులో పెద్ద భాగం అమెరికాలో ఉన్న మా పెదనాన్న కొడుకు పెట్టుకుంటున్నాడు. 9 అడుగుల, 8-వెయిట్ (ఎంత బరువు లైనుకు సరిపోతుందో చెప్పే నంబరు) రాడ్ కూడా అన్నదే.

ప్రస్తుతానికి చాలా దూరం విసరడం సంగతి పక్కన పెట్టాను. అక్కడ ఎక్కువ చేపలు 12 నుంచి 18 మీటర్ల లోపే దొరుకుతాయి. గైడు చెప్పిన కొన్ని సెకన్లలో ఫ్లై నీళ్లలో పడాలి, అదీ గాలిలో. అందుకే పొద్దున్నే యూనివర్సిటీ వైపు ఖాళీ గ్రౌండులో స్టీలు పళ్లేలు అక్కడక్కడా పరిచి, హుక్కు బదులు ఎర్ర ఊలు ముక్క కట్టి విసురుతున్నాను. లైను కాళ్ల దగ్గర వదులుగా, ఊలు ఎడమచేతి వేళ్ల మధ్య, రాడ్ కొన బయట మూడు మీటర్ల లైను: ఇదీ సిద్ధంగా నిలబడే పద్ధతి. మా అబ్బాయి గైడు. వాడు "పదకొండు గంటలు, పదిహేను మీటర్లు!" అని అరుస్తాడు (గడియారం లెక్కన పన్నెండు అంటే ఎదురుగా, పదకొండు అంటే కాస్త ఎడమకి). ముందు రాడ్‌తో ఆ దిక్కు చూపించాలి, వాడు "ఇంకా ఎడమకి" అంటే సరిచేసుకోవాలి, ఆ తర్వాతే విసరాలి. గాలిలో రెండు ఊపులకు మించి ఒప్పుకోను. వాకింగ్‌కి వచ్చే పెద్దాయన ఒకరు రోజూ ఆగి, "చేపలు యాడ సార్?" అంటారు.

అసలు కష్టమంతా ఎడమచేతిది. చిన్నప్పుడు చిత్తూరు చెరువుల్లో వెదురుకర్రతో జిలేబీ చేపలు పట్టినవాళ్లందరికీ చేప ముట్టగానే కర్ర పైకెత్తడం ఒంటికి పట్టేసి ఉంటుంది. ఇక్కడ అలా ఎత్తితే ఫ్లై చేప నోట్లోంచి బయటికి వచ్చేస్తుంది. రాడ్ కొన నీటివైపే ఉంచి, ఎడమచేత్తో లైను గట్టిగా వెనక్కి లాగాలి. "కడ్డీ ఎత్తినావంటే చేప పోయినట్టేరా" అని అన్న వీడియో కాల్‌లో ఎన్నిసార్లు చెప్పాడో. ఇప్పుడు ఊలు ముక్కను మా అబ్బాయి పట్టుకుని ఎప్పుడో ఒకసారి చెప్పకుండా గుంజుతాడు. నేను చేత్తో లాగానా, రాడ్ ఎత్తానా అన్నది వాడే చూసి చెబుతాడు. దీనికంటే మంచి డ్రిల్లు నాకు తట్టలేదు.

చూపు కోసం సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు మీద పులికాట్ దగ్గర ఆగుతున్నాను. పక్షుల రక్షిత ప్రాంతం కాబట్టి రాడ్ కారులోంచి తీయను. నీళ్లు బురదగా ఉంటాయి, అడుగు కనిపించదు. కానీ నీటిమీది గుర్తులకు అంతకంటే మంచి చోటు ఈ చుట్టుపక్కల లేదు. గాలికి లేచే అలల్లో ఒక్కచోట మాత్రం నీళ్లు వేరే తీరుగా వణికితే, కింద గుంపు కదులుతున్నట్టు. కళ్లద్దాలు పోలరైజ్డ్, రాగిరంగు అద్దం. బూడిదరంగు అద్దం లోతు సముద్రానికి సరే, తక్కువ నీళ్లలో ఇసుకకీ చేపకీ తేడా రాగిరంగులోనే బాగా తెలుస్తుంది. టోపీ అంచు కింది భాగం నల్లగా ఉంటే నీటి మెరుపు కళ్లలోకి కొట్టదు.

ఫ్లైలు నేనే కడుతున్నాను. క్రేజీ చార్లీ అనే రకం, 6, 8 సైజు హుక్కుల మీద. 1977లో బహామాస్‌లోని ఆండ్రోస్ దీవిలో గైడు చార్లీ స్మిత్‌తో చేపలు పట్టడానికి వెళ్లిన బాబ్ నౌహైమ్ కట్టిన నమూనా ఇది, ఇంకా పని చేస్తూనే ఉంది. ఫ్లై కళ్లకు కావాల్సిన పూసల గొలుసు కొండ కింద అమ్మే కీచైన్లలో దొరికింది. ముందు ఉప్పునీళ్ల గ్లాసులో నానబెట్టి, తుప్పు పట్టనివే ఉంచుకున్నాను. చీలమండ లోతుకు పూసల కళ్లు చాలు, మోకాలి లోతుకు ఇంకొంచెం బరువైనవి. హుక్కు మొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లును ప్లయర్స్‌తో నొక్కేయాలి. అక్కడ పట్టిన చేపను వదిలేయాల్సిందే. ఇది విని మా అమ్మ, "వదిలేసేదానికి అంత దూరం పోవల్లా?" అంది. జవాబు చెప్పలేదు.

దమ్ము కోసం అలిపిరి మెట్లు ఎక్కుతున్నాను. 3,550 మెట్లు ఊపిరికి మంచివే కానీ, నీళ్లలో నడక వేరు. తడిసిన బూట్లతో, తడి సాక్స్‌తో ఇంటి చుట్టూ గంటసేపు తిరిగితే బొబ్బలు ఎక్కడ వస్తాయో ఇప్పుడే తెలుస్తుంది.

తేదీలకు గోడమీది క్యాలెండరే ఆధారం. అమావాస్య, పౌర్ణమి దగ్గర పోటు పెద్దది, అష్టమి దగ్గర చిన్నది. నీళ్లు ఎక్కేటప్పుడు చేపలు మేతకు ఫ్లాట్స్ (లోతు తక్కువ ఉండే చదునైన ఇసుక మేటలు) మీదికి వస్తాయి. మా వారం అష్టమి దాటి మొదలవుతుంది, రోజురోజుకీ పోటు పెరుగుతుంది.

మిగిలింది కుడివైపు గాలి. కుడిచేతివాడికి అదే ప్రమాదం, హుక్కు నేరుగా చెవి మీదికి వస్తుంది. వెనక్కి తిరిగి, వెనక ఊపుతోనే ఫ్లైని ముందుకు వదలడం నేర్చుకోవాలి. 10 మీటర్ల పళ్లెం తగులుతోంది, 15 మీటర్లది ఇంకా తగల్లేదు. ఈ ఆదివారం ఆ ఒక్కటే.