రాణిగారి వాటా

రెడింగ్ నుంచి లండన్‌కు ఎలిజబెత్ లైన్ రైల్లో బయలుదేరాం. ఆ పేరు మొన్నమొన్నటి రెండో ఎలిజబెత్‌ది. నాకు కావలసింది మొదటావిడ జాడ: 1558 నుంచి 1603 దాకా ఇంగ్లండును ఏలిన ట్యూడర్ వంశపు రాణి. బావగారికి చరిత్ర పడదు. శనివారం ఇంట్లో ఉంటే అక్క ఏదో ఒక పని పురమాయిస్తుందని నా వెంట వచ్చారు.

బాండ్ స్ట్రీట్‌లో జూబ్లీ లైన్‌కు మారి, లండన్ బ్రిడ్జిలో దిగి, బరో మార్కెట్ జనాన్ని తోసుకుంటూ వెళితే భవనాల మధ్య ఇరుక్కుని కనిపిస్తుంది గోల్డెన్ హైండ్. ఫ్రాన్సిస్ డ్రేక్ 1577లో బయలుదేరి భూమి చుట్టి వచ్చిన ఓడకు నకలు ఇది, 1973లో డెవన్‌లో నీళ్లలోకి దింపారు. చూడగానే నీరుగారిపోయాను. మా బందరు దగ్గర గిలకలదిండి రేవులో రెండు మూడు మరపడవలను వరసగా కడితే దీనంత పొడవు వస్తుంది. ఇందులో ఎనభై మంది దాకా మనుషులు, పైగా ఫిరంగులు!

ఫిరంగుల అంతస్తులో నడుం వంచితే తప్ప నడవలేం. అక్కడ ట్యూడర్ కాలపు వేషంలో ఉన్న గైడు పిల్లలను పోగేసి ఉత్సాహంగా కథ చెబుతున్నాడు. 1579 మార్చిలో ఈక్వడార్ తీరంలో స్పెయిన్ ఓడను పట్టుకోవడం, అందులో ఇరవై ఆరు టన్నుల వెండి దొరకడం. "డ్రేక్ జట్టులో ఎవరెవరు చేరతారు?" అని అరిచాడు. చేతులన్నీ లేచాయి. ముందు వరసలో ఏడెనిమిదేళ్ల పాప కూడా చెయ్యెత్తింది. పక్కనున్న తండ్రి ఆ చేతిని మెల్లగా పట్టుకుని కిందికి దించాడు. ఎందుకన్నట్టు ఆ పాప చూసింది. ఆయన స్పానిష్‌లో ఏదో గొణిగి, నా వంక చూసి నవ్వాడు. తర్వాత మెట్ల దగ్గర మాట కలిపాడు. వాళ్లది స్పెయిన్‌లోని కాడిజ్. 1587లో డ్రేక్ రేవులోకి చొరబడి ఓడలు తగలబెట్టిన ఊరు. "మా వైపు అల్లరి పిల్లలను వాడి పేరు చెప్పే భయపెట్టేవారు. ఇక్కడేమో టిక్కెట్టు కొని మరీ వాడి జట్టులో చేరాలట!" అన్నాడు.

ఆ తర్వాత గైడు మాటలు నాకు రుచించలేదు. రాణి నడిపిన తంతును మాత్రం బాగా చెప్పాడు. దోచిన సొమ్ము తిరిగివ్వమని స్పెయిన్ రాయబారి పట్టుబడుతుంటే, ఆమె 1581 ఏప్రిల్ 4న డెట్‌ఫర్డ్‌లో ఈ ఓడ అసలుదాని మీదికే వచ్చింది. డ్రేక్‌కు నైట్ బిరుదు ఇవ్వడానికి కత్తిని ఒక ఫ్రెంచివాడి చేతిలో పెట్టింది. ఆమెతో పెళ్లి మాటలు నడుస్తున్న ఆంజూ ప్రభువు ప్రతినిధి అతను. రేపు నింద పడితే ఫ్రాన్స్‌కూ పంచొచ్చు! ఇంత లౌక్యాన్ని మెచ్చుకోకుండా ఉండలేం.

కానీ 1564లో బానిసల వ్యాపారానికి వెళ్లిన జాన్ హాకిన్స్‌కు రాణి తన సొంత ఓడనే ఇచ్చిందన్న సంగతి గైడు నోట రాలేదు. తాళ్లతో కట్టేసిన ఆఫ్రికా మనిషి బొమ్మను తన వంశ చిహ్నంలో పెట్టుకున్న ఘనుడు ఆ హాకిన్స్. డ్రేక్ అతని బంధువే, కుర్రతనంలో అతని ఓడల మీదే పని నేర్చాడు.

మార్కెట్‌లో ఏదో కొని నిలబడే తిన్నాం. ధర బావగారు పైకి చదివారు కానీ రూపాయల్లోకి మార్చవద్దని బతిమాలాను. తింటూ ఆయనకు మాద్రే దె దేవుస్ కథ చెప్పాను. మన దేశం నుంచి మిరియాలు, బట్టలు, రత్నాలు నింపుకుని వెళుతున్న ఆ పోర్చుగీసు ఓడను 1592లో ఆంగ్లేయులు అట్లాంటిక్‌లోని అజోర్స్ దీవుల దగ్గర పట్టుకున్నారు. డార్ట్‌మత్ రేవుకు తెచ్చేసరికి నావికులూ ఊరి జనమూ దొరికింది దొరికినట్టు ఎత్తుకుపోయారు. ఆ లూటీ ఆపడానికి లండన్ టవర్ కోటలో ఖైదుగా ఉన్న రాణి కొలువు మనిషి వాల్టర్ రాలీని వదిలారు. మిగిలిన దాంట్లో సింహభాగం రాణిగారిదే. ఆ సరుకు చూశాక లండన్ వర్తకులకు కళ్లు చెదిరాయి. 1600 డిసెంబర్ 31న అదే రాణి ఈస్ట్ ఇండియా కంపెనీకి పట్టా ఇచ్చింది. 1611లో ఆ కంపెనీ ఓడ గ్లోబ్ మా బందరు తీరానికే వచ్చింది.

"అంటే ఆ వెండిలో మీ ఊరికీ వాటా ఉందన్నమాట," అన్నారు బావగారు.

మధ్యాహ్నం వెస్ట్‌మినిస్టర్ అబ్బేకి వెళ్లాం. ఈ ఊళ్లో పెద్ద మ్యూజియాలు ఉచితం, ఈ చర్చికి మాత్రం ముప్పై పౌండ్లకు అటూ ఇటూ. చిన్నప్పుడు బందరులో డచ్చివాళ్ల సమాధుల మధ్య సాయంత్రాలన్నీ ఆడుకున్నాం, ఒక్కరూ పైసా అడగలేదు. అయినా కట్టాను. సమాధి మీద ఎలిజబెత్ పాలరాతి రూపం వెల్లకిలా పడుకుని ఉంది. ఎత్తయిన ముక్కు, మెడ చుట్టూ కుచ్చుల పట్టీ. 1588లో స్పెయిన్ యుద్ధనౌకల దండు ఆర్మడాను తరిమిన నావికులు జీతాలు అందక, జ్వరాలతో మార్గేట్ వీధుల్లో చనిపోతున్నారని సేనాధిపతి హవర్డ్ మొరపెట్టుకున్న సంగతి గుర్తొచ్చింది. చెక్కిన ముఖంలో ఆ బెంగ ఏమీ లేదు.

ఆమె కిందే అక్క మేరీ శవపేటిక ఉంది. తనను టవర్‌లో ఖైదు చేయించిన అక్క. సింహాసనంలోనూ సమాధిలోనూ భాగస్వాములని లాటిన్‌లో రాయించారు, విగ్రహం మాత్రం చెల్లెలికే. ఇదంతా చెబితే బావగారు సమాధి చుట్టూ ఓసారి తిరిగి వచ్చి, "ఒక టిక్కెట్టుకు ఇద్దరు రాణులన్నావు. ఒకావిడ కనిపించనే లేదు. సగం డబ్బు వెనక్కి అడగవయ్యా," అన్నారు.