జామచెట్ల మధ్య క్యారెట్: ఈసారీ కాళ్లే

ఈ ఆదివారం జామ వరసల మధ్య మిగిలిన చివరి మడి కూడా తవ్వేశాను. తిన్నగా దిగిన క్యారెట్ అందులో ఒక్కటంటే ఒక్కటి లేదు. కొన్నిటికి రెండు కాళ్లు, కొన్నిటికి నాలుగు, ఒకదానికైతే ఒంటినిండా వెంట్రుకల్లా పిల్లవేళ్లు. గట్టు మీద నిలబడి చూస్తున్న పక్క చేను పెద్దాయన "ఏం సారూ, కాళ్లొచ్చినయి గద, నడిపిచ్చుకుంటనే తీస్కపో ఇంటికి" అని ఒకటే నవ్వు. చేవెళ్ల వైపు ఇలాంటి ఎర్రనేలల్లోనే క్యారెట్ పండించి బోయిన్‌పల్లి మార్కెట్‌కు తోలుతారు. మొయినాబాద్ దాటాక ఉన్న నా ముక్కలో నాలుగు మడులు సరిగ్గా రావు. ఒళ్లు మండదా మరి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ముల్లంగి (పూసా చేత్కి రకం) ఎప్పటిలాగే బాగుంది. మామిడి నీడలో అరకిలో ముక్క పెట్టిన గజేంద్ర కంద మూడు కిలోలు దాటింది. కంచె వెంట మీటరుకొకటి చొప్పున పెట్టిన వాక్కాయ నడుమెత్తుకు వచ్చి అల్లుకుంది, అడవి పందులు ఆ వైపు నుంచి రావడం మానేశాయి. గంగరేగు సంక్రాంతికి మొదటి కాపు ఇచ్చింది. అంతే.

ఇక క్యారెట్. జామ (తైవాన్ పింక్) వరసల మధ్య దూరం 4 మీటర్లు. ఆ సందుల్లో మీటరు వెడల్పు మడులు మూడు, వరసలన్నీ అయిపోయాక పల్లంలో, చివరి చెట్టు మొదలుకు మూడున్నర మీటర్ల దూరంలో నాలుగోది. పైన 30 సెంటీమీటర్లు మట్టి, దాని కింద మొరం. సహజంగానే మొదటి అనుమానం రాళ్ల మీదకే పోయింది. అందుకని రెండు మడుల మట్టిని 6 మిల్లీమీటర్ల జల్లెడ పట్టించాను, మిగతా రెండు ఊరికే తవ్వి వదిలేశాను.

ఫలితం చూస్తే జల్లెడ పట్టినదీ పట్టనిదీ ఒకటే. అయితే ఈసారి స్కేలు పెట్టి, తల నుంచి ఎంత లోతులో చీలిందో కొలిచాను. జల్లెడ పట్టని మడుల్లో చీలిక 4 నుంచి 12 సెంటీమీటర్ల మధ్య ఎక్కడపడితే అక్కడ ఉంది. అది అర్థమవుతుంది, రాయి ఎక్కడ తగిలితే అక్కడ చీలుతుంది. జల్లెడ పట్టిన మడుల్లో మాత్రం దాదాపు అన్నీ 3 నుంచి 5 సెంటీమీటర్ల దగ్గరే చీలాయి. రాళ్లు అలా గీత గీసినట్టు ఒకే లోతులో కూర్చోవు. మొక్క ఇంకా దారంలా ఉన్నప్పుడే తల్లివేరు కొసను ఏదో కొరికేసి ఉండాలి.

పచ్చి ఎరువు వేస్తే ఇలాగే అవుతుందంటారు. నేను వేసింది బాగా మాగిన, మట్టివాసన తప్ప ఇంకేమీ రాని ఎరువు. విత్తనం మీద అనుమానంతో పూసా కేసర్ మానేసి కురోడా రకం వేశాను. అదే ప్యాకెట్ గింజల్ని, సగానికి కోసిన నీలం డ్రమ్ములో కోకోపీట్, వర్మీకంపోస్ట్, ఇసుక కలిపి వేస్తే 16 సెంటీమీటర్లు తిన్నగా దిగాయి. డ్రమ్ము ఉన్నది మడి పక్కనే, ఎండ అదే, డ్రిప్ అదే. అంటే తేడా మట్టిలోనే ఉంది.

అప్పుడు మడి అంచును పారతో నిలువుగా చెక్కాను. జామ పిల్లవేళ్లు లోపలిదాకా వచ్చేశాయి. ఒక వేరు తెంపి బకెట్లో కడిగి ఫోన్ కెమెరా పెద్దది చేసి చూస్తే, ఆవగింజంత నుంచి శనగగింజంత దాకా బుడిపెలు, దండ గుచ్చినట్టు వరసగా. క్యారెట్ వెంట్రుక వేళ్ల మీదా అవే, ఇంకా చిన్నవి. మడి మూలన పడి మొలిచిన టమాటాను పీకితే దాని వేళ్లయితే అల్లం కొమ్ముల్లా ఉబ్బి ఉన్నాయి. చిక్కుడు, బొబ్బర్ల వేళ్లకుండే మంచి బుడిపెలను చూసి కంగారు పడకండి. అవి గోటితో గీరితే ఊడి వచ్చేస్తాయి. ఇవి వేరు తానే ఉబ్బి అయినవి, ఊడవు.

నులిపురుగులు (నెమటోడ్లు), వేళ్లలో దూరి బతికే, కంటికి ఆనని సన్నటి పురుగులు. జామతోటలకు ఇప్పుడు పెద్ద తలనొప్పి ఇదే, నర్సరీ సంచుల మట్టితోనే వస్తాయి. నా మొక్కలు తెచ్చిన నర్సరీ నుంచే వచ్చి ఉంటాయని నా ఊహ, కానీ రుజువు లేదు. పిల్లపురుగు వేరు కొస దగ్గర దూరుతుంది. క్యారెట్‌కు ఆ కొసే దుంప కావాలి కాబట్టి అది పాడైతే పక్కనుంచి కాళ్లు పుట్టుకొస్తాయి. నేల వెచ్చగా ఉంటే పురుగు ఒక తరం తిరగడానికి సుమారు నెల చాలు. ముల్లంగి 45 రోజుల్లోపే బయటికొచ్చేస్తుంది, క్యారెట్ మూడు నెలలు లోపలే ఉండాలి. ముల్లంగి నన్ను ఇన్నాళ్లూ మోసం చేసింది ఇందుకే.

ఒక్కటి మాత్రం పూర్తిగా కుదరడం లేదు. జామ వేళ్లు అందని నాలుగో మడిలోనూ 40 దుంపల్లో 19 చీలాయి. పక్క మడిలో 36 అనుకోండి. ఇది జల్లెడ పట్టని మడి కాబట్టి కొన్ని రాళ్ల ఖాతాలోకి పోతాయి. మిగతావాటికి నా అనుమానం, వానాకాలం నీళ్లు జామ వరసల మీదుగా ఈ పల్లంలోకే దిగుతాయి, పైగా అన్ని మడులకూ ఒకటే పార. పురుగు ఆ నీళ్లతోనో, పారకంటిన మట్టితోనో వచ్చి ఉంటుంది.

పెద్దాయన పురుగుమందు గుళికలు చల్లమంటున్నాడు. పీకి, కడిగి, అక్కడే కొరుక్కుతినే దుంపకు గుళికలా? నేను వేయను. వేపపిండి చదరపు మీటరుకు 150 గ్రాములు వేద్దామని ఉంది. కొట్టులో అమ్మే వేపపిండికి వాసనే ఉండదు, నూనె తీసేచోట కొనండి, సంచి విప్పగానే ముక్కుపుటాలు అదరాలి. పేసిలోమైసిస్ (నులిపురుగును తినే బూజు) పొడిని మాగిన ఎరువులో కలిపి, తడి ఆరకుండా పదిహేను రోజులు కప్పి ఉంచి అప్పుడు వేయాలి. నేరుగా ఎండమట్టిలో చల్లి పనిచేయలేదనేవాళ్లే ఎక్కువ.

ఏప్రిల్‌లో మడులు బాగా తడిపి, పారదర్శకమైన పాలిథిన్ షీటు పరిచి, అంచులు మట్టిలో పూడ్చి ఆరు వారాలు ఎండకు ఉడకబెడతాను. నల్ల షీటు వద్దు, అది తాను వేడెక్కుతుంది గానీ ఎండను మట్టిలోకి పోనివ్వదు. అయినా పై జానెడు మట్టే బాగా ఉడుకుతుంది, కింద జామ వేళ్లలో పురుగు అలాగే ఉంటుంది. అందుకే వానలు పడగానే ఆ మడుల నిండా బంతి. బంతి వేళ్లలో నులిపురుగు పెరగదు, బతుకమ్మకు పూలు కొనే ఖర్చూ తప్పుతుంది. అమ్మ ఇప్పటికే లెక్కలేసుకుంటోంది.

క్యారెట్‌ను మాత్రం సీతాఫలాల మధ్యకు మారుస్తున్నాను. చలికాలంలో వాటి ఆకు రాలిపోతుంది, సరిగ్గా దుంప ఊరే రోజులకు ఎండ కిందికి దిగుతుంది. గింజ కూడా అక్టోబర్‌లో కాకుండా నవంబర్ మధ్యలో వేస్తాను, నేల చల్లబడితే పురుగు మందగిస్తుంది. ముందు ఆ మట్టి శుభ్రంగా ఉందో లేదో తేలాలి. ఈ వారమే సీతాఫలం కింది నుంచి నాలుగు చోట్ల మట్టి తీసి, కుండీకో టమాటా నారు మొక్క పెడుతున్నాను. ఆరు వారాలకు పీకి వేళ్లు చూస్తే తేలిపోతుంది. దీనికి మాత్రం కొత్త పార.

ఆన్‌లైన్‌లో బ్లాక్‌బెర్రీ, రాస్ప్‌బెర్రీ మొక్కలు కొనాలా అని అడిగినవాళ్లకు: వాటికి చలి కావాలి, మన మే నెల వాటికి పడదు. ముళ్లపండ్లే కావాలంటే వాక్కాయ, రేగు, కలివి ఉన్నాయి. వాక్కాయ గింజ ఎండితే మొలకెత్తే శక్తి త్వరగా పోతుంది, పండు తిన్న రోజే కడిగి సంచుల్లో వేయాలి. ఈ వానాకాలం ఉత్తరం కంచెకు కూడా అదే.