నాయన చెప్పిన దారి

చిత్తూరు గ్రీమ్స్‌పేటలో మా ఇంట్లో రాత్రి ఏడున్నరకు టీవీ పెడతాం. నాయనకు పక్షవాతం వచ్చి నాలుగేళ్లయింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు ఆయన మాట వినవు. అన్నం తినిపించి, మాత్రలు వేసి, తలకింద రెండు దిండ్లు పెట్టి ఆయన్ను టీవీ వైపు తిప్పి పడుకోబెడితే ఇక మా ప్రయాణం మొదలైనట్టే. ఈ నాలుగేళ్లలో మేమిద్దరం తిరిగినంత ఊరు మా వీధిలో ఎవరూ తిరిగి ఉండరు. శేఖర్ కమ్ముల ‘గోదావరి’ పెట్టుకుని రాజమండ్రిలో లాంచీ ఎక్కి, పాపికొండల నడుమ భద్రాచలం దాకా పోయాం. ‘ఎవడే సుబ్రమణ్యం’తో హిమాలయాలకు పోయాం. ఆ సినిమా చూసిన రాత్రి నాయన నిద్రపోయాక కూడా నాకు కునుకు రాలేదు. ఫోన్‌లో నేపాల్ ప్రయాణానికి ఎంతవుతుందో చూస్తూ ఒంటిగంట దాకా కూర్చున్నాను. పోయేది లేదని తెలుసు. అయినా చూశాను.

నాయన మాత్రం ఎన్ని సినిమాలు పెట్టినా చివరికి ఊటీ సినిమాలకే వచ్చి ఆగుతాడు. ‘గీతాంజలి’ ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. 1989లో చిత్తూరు థియేటర్లో అమ్మతో కలిసి చూశాడట. పీ.సీ. శ్రీరామ్ కెమెరాలో ఆ మంచు, ఆ చెట్లు చూసి బయటికొస్తే ఎండ చెంప మీద కొట్టినట్టు ఉండిందని అమ్మ చెప్పేది. తర్వాత ‘వసంత కోకిల’. దాంట్లో చివరి సన్నివేశం వచ్చేసరికి నేను కళ్లు తుడుచుకుంటూ ఉంటే, నాయన “ఆపు పాపా, ఆపు. ఆ బోగీ చూపీ” అంటాడు. ఆయన కమల్ హాసన్‌ను చూడడు, శ్రీదేవిని చూడడు. రైలును చూస్తాడు.

ఎందుకంటే అది మీటర్ గేజ్ రైలు. నాయన పాకాల జంక్షన్‌లో గార్డుగా పనిచేశాడు. కాట్పాడి, తిరుపతి, ధర్మవరం లైన్లు కలిసే ఊరు పాకాల. పాకాల నుంచి దామలచెరువు, పీలేరు, కలికిరి, కదిరి మీదుగా ధర్మవరం దాకా మీటర్ గేజ్ బండ్లలో ఆయన తిరిగిన రాత్రులకు లెక్కలేదు. పట్టాకూ పట్టాకూ నడుమ సరిగ్గా ఒక మీటరు. బోగీకి నడుమ ఒకటే బఫర్, అంటే బోగీలు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా ఉండే దిమ్మ. నా చిన్నప్పుడు పాకాల ప్లాట్‌ఫాం మీద ఆయన నల్లపెట్టె దించి, దాని మీద నన్ను కూర్చోబెట్టి, పచ్చజెండా చేతికిచ్చేవాడు. ఆ జెండాకి నూనె వాసన, బీడీ వాసన ఉండేవి. తర్వాత ఆ పట్టాలన్నీ పీకేసి బ్రాడ్ గేజ్ వేశారు. మంచిదే, ఇప్పుడు పెద్ద బండ్లు పోతున్నాయి. కానీ ఆయన ఎరిగిన రైలు ఇప్పుడు మన దక్షిణాదిలో నీలగిరి కొండ మీద మాత్రమే తిరుగుతోంది. దాన్ని సినిమాల్లో వెతుక్కుంటూ ఉంటాడు.

మణిరత్నం ‘దిల్ సే’లో ‘ఛయ్య ఛయ్య’ పాట కూడా ఆ రైలు మీద తీసిందే, 1998 సినిమా. అది వస్తే ఆయనకు కోపం. “బోగీల మీద అంతమందిని ఎక్కిచ్చినారే, గార్డు ఏం చేస్తా ఉండాడు?” అంటాడు. కోపంగానే చివరి దాకా చూస్తాడు.

ఒకరోజు ‘వసంత కోకిల’ అయిపోయాక ఆయన ఒక మాట అన్నాడు. “సినిమావాళ్లు రైలు ఎక్కిస్తారు, దించేస్తారు. నడమ దారి కోసేస్తారు పాపా. నాకు ఆ దారి కావల్ల.”

ఆ మాట నన్ను వదల్లేదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆయన చేతిలో రైల్వే పాసులుండేవి. వాటితో కాశీకి పోయాం, పెళ్లిళ్లకు పోయాం. ఊటీకి పోదామని అమ్మ అడిగినప్పుడల్లా “రిటైరైనాక” అన్నాడు. రిటైరయ్యేసరికి అమ్మ ఆరోగ్యం పోయింది. ఇప్పుడు అమ్మ లేదు.

ఆ దారి నేనే పోయి తీసుకొద్దామనుకున్నాను. ఊటీకి పోయే ఆ నీలగిరి బొమ్మరైలు సీట్లు తొందరగా నిండిపోతాయి. 60 రోజుల ముందే, రిజర్వేషన్ తెరిచిన రోజు పొద్దున్నే కూర్చుని ఫిబ్రవరికి ఒక సీటు పట్టుకున్నాను. తమ్ముడు బెంగుళూరు నుంచి మూడు రోజులు సెలవు పెట్టి వచ్చాడు. బయల్దేరే ముందు నాయన నన్ను మంచం దగ్గర కూర్చోబెట్టుకుని డ్యూటీ చెప్పినట్టు చెప్పాడు. ఇంజన్ వెనకనుంచి తోస్తుంది, ముందు వైపు కాదు వెనక్కి పోయి వీడియో తియ్యి. నడుమ పళ్ల పట్టా ఎక్కడ మొదలవుతుందో చూడు. బోగీకి ముందు బ్రేక్స్‌మన్ కూర్చుంటాడు, ఆయన చెయ్యి తియ్యి. మాట్లాడొద్దు, శబ్దం పడనీ. నేను తలూపి, నిమ్మకాయ చిత్రాన్నం డబ్బా సంచిలో పెట్టుకుని వేలూరు బస్సెక్కాను.

కాట్పాడిలో దిగి, రాత్రి పదకొండుకు కాస్త ముందు వచ్చిన నీలగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆ రాత్రి గురించి చెప్పడానికేమీ లేదు, పడుకున్నాను. తెల్లారి ఆరు దాటాక మేట్టుపాళయంలో దిగితే చలి లేదు, మన చిత్తూరు పొద్దులాగే ఉంది. ఎదురు ప్లాట్‌ఫాం మీద నీలం రంగు బోగీలు. అంత చిన్నవా అనిపించింది. తలుపు దగ్గర నిలబడితే పైకప్పు చేతికి అందేటట్టు ఉంది. వెనక ఇంజన్ ఊపిరి తీస్తోంది. సినిమాల్లో ఆ శబ్దాన్ని పాట కప్పేస్తుంది. ఇక్కడ పాట లేదు. వేడి నీటి ఆవిరి, నూనె వాసన. నాకు ఒక్కసారిగా పాకాల గుర్తొచ్చింది. అదే వాసన.

7:10కి బండి కదిలింది. మొదట వక్కతోటలు, నేల చదును. కల్లార్ వచ్చాక ఆగింది. అక్కడినుంచి పట్టాల నడుమ పళ్లున్న ఇనుప పట్టీలు మొదలవుతాయి. ఇంజన్ కింద పళ్ల చక్రం వాటిని పట్టుకుని ఒక్కో పన్నూ ఎక్కుతుంది. ఎందుకంటే ఇక్కడ 12 అడుగులు ముందుకు పోతే ఒక అడుగు పైకి లేవాలి, మామూలు చక్రమైతే జారిపోతుంది. కల్లార్ దాటాక వేగం మనిషి పరుగు అంత. నడుం కింద ఆ పళ్లు కరుచుకుంటున్న కుదుపు తెలుస్తూనే ఉంటుంది, కటకటకట అని. మిక్సీలో పప్పు రుబ్బుతున్నప్పుడు చెయ్యి పెట్టి పట్టుకుంటే ఎట్లుంటుందో అట్లా.

మేట్టుపాళయం నుంచి ఊటీ 46 కిలోమీటర్లు. 16 సొరంగాలు, 208 మలుపులు, 250 వంతెనలు. కూనూరు దాకా 1899లో, ఊటీ దాకా 1908లో వేశారు. 2005లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వంలో చేర్చింది. ఈ లెక్కలన్నీ నాయన నాకు ముందే అప్పజెప్పినవే. కానీ 250 వంతెనలంటే ఏమిటో, అందులో ఒకదాని మీద బండి మెల్లగా పోతూ, కిందకు చూస్తే చెట్ల తలలు మాత్రమే కనిపించినప్పుడు తెలిసింది. పక్కన అడ్డం ఏమీ లేదు. ఎదురు సీటులో ఈరోడ్ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ మనవణ్ని ఒళ్లోకి లాక్కుంది. సొరంగం వస్తే పిల్లలు అరుస్తారు, అరుపు గోడకు తగిలి వెనక్కి వస్తుంది. ఆ అరుపు కూడా రికార్డవనిచ్చాను.

బ్రేక్స్‌మన్ చెయ్యి తీశాను. మా బోగీ ముందు చిన్న అరుగు లాంటి చోట ఆయన ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. ఒక చేతిలో జెండా, ఇంకో చెయ్యి బ్రేకు మీద. మలుపు రాగానే ముందు బోగీ బ్రేక్స్‌మన్ జెండా చూపిస్తే ఈయన చూపిస్తాడు, ఈయన్ని చూసి వెనకాయన. అట్లా చివరికి ఇంజన్ డ్రైవర్‌కు చేరుతుంది. డ్రైవర్ వెనక ఉంటాడు కాబట్టి ముందు దారి ఆయనకు కనపడదు. వీళ్లే ఆయన కళ్లు. ఆ వేళ్లు చాలా దగ్గరగా తీశాను. గోళ్ల సందుల్లో నలుపు, బొటనవేలికి కాయ. నాయన కుడిచేతికి అచ్చం అట్లాంటి కాయ ఇప్పటికీ ఉంది.

హిల్‌గ్రోవ్‌లో ఇంజన్‌కు నీళ్లు పట్టడానికి బండి ఆగింది. అందరూ దిగారు. కోతులు వచ్చి చేతుల్లో వడలు లాక్కుంటున్నాయి. టీ తాగి, బండి ఎక్కి, మళ్లీ ఫోన్ తీస్తే ‘స్టోరేజ్ ఫుల్’ అంది. నాకు చెమట పట్టింది. ఏది తీసెయ్యాలో తెలియదు. పాత ఫోటోలన్నీ అమ్మవి. వాటి మీద చెయ్యి ఆడలేదు. టెన్షన్‌లో అటూ ఇటూ వెతుకుతూ ఉండగానే బండి కదిలిపోయింది. చివరికి ఫోన్ సంచిలో పడేసి కిటికీలోంచి తల కాస్త బయటికి పెట్టాను. కూనూరు దాకా అంతే. ఒక మలుపులో మా బండి ఆసాంతం కనిపించింది, వెనక నల్ల ఇంజన్ తెల్లటి పొగ మీదికి విసురుతూ తోసుకొస్తోంది. గాలి చల్లబడింది. ఎక్కడో కింద నీళ్ల శబ్దం. యూకలిప్టస్ వాసన అప్పుడే మొదలైంది.

కూనూరులో ఆవిరి ఇంజన్ తీసేసి డీజిల్ తగిలించారు. అక్కడే స్టేషన్ బయట ఒక కొట్లో మెమరీ కార్డు కొని వేసుకున్నాను. ఊటీ మధ్యాహ్నానికి వచ్చింది. నిజం చెప్పాలంటే ఊటీ పట్నం నన్ను నిలబెట్టలేదు. హారన్లు, హోటల్ బోర్డులు, ఎండ. ‘గీతాంజలి’ మంచు ఎక్కడా లేదు. అప్పటి కోయంబత్తూరు కలెక్టర్ జాన్ సల్లివన్ 1824లో తవ్వించిన చెరువు దగ్గర కాసేపు కూర్చుని గదికి పోయాను. తెల్లవారి ఆరుకు గది తలుపు తీస్తే మాత్రం మెట్లు కనపడలేదు. అంతా తెలుపు. రెండు నిమిషాలు అక్కడే నిలబడ్డాను. అమ్మ ఇక్కడ నిలబడాల్సింది.

ఆ పొద్దున కూనూరు వైపు పోయే బండిలో కేత్తి స్టేషన్‌లో దిగాను. ‘వసంత కోకిల’ చివర వానలో శ్రీదేవి ఎక్కిన రైలు వెంట కమల్ కుంటుకుంటూ, పిల్లిమొగ్గలేస్తూ పరిగెత్తిన ప్లాట్‌ఫాం ఇదే. బాలు మహేంద్ర 1982లో దాన్ని ఎంత పొడుగ్గా చూపించారు! నా కాళ్లతో నడిస్తే కొన్ని అడుగులే. స్టేషన్ కట్టడం చిన్నది, ఎదురుగా లోయ నిండా మెట్లుమెట్లుగా క్యారట్, ఆలుగడ్డ మడులు. ఒకామె మట్టి అంటిన క్యారట్ల కట్టలు బెంచీ మీద పేరుస్తోంది. బండి పోయాక అక్కడ చప్పుడే లేదు.

నాయనకు వీడియో కాల్ చేశాను. తమ్ముడు ఫోన్ పట్టుకున్నాడు.

“ఇదే నాయనా, ఆ స్టేషన్.”

“మనుషుల్ని కాదు పాపా. పట్టా చూపీ.”

వంగి ఫోన్‌ను పట్టా దగ్గరికి పెట్టాను.

“నడమ పళ్లు యాడ?”

“కూనూరు దాకానే నాయనా. ఇక్కడ మామూలు పట్టాలే.”

“అట్లయితే అచ్చం మన పాకాల మాదిరే ఉండాది” అన్నాడు. తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు. తమ్ముడు ఫోన్ తిప్పుకుని, “అక్కా, నువ్వు అట్లే పట్టుకో, చూస్తా ఉండాడు” అన్నాడు. నా నడుం నొప్పి పుట్టేదాకా అట్లాగే వంగి ఉన్నాను. క్యారట్లావిడ వచ్చి ఏం పోగొట్టుకున్నావని తమిళంలో అడిగింది. మా నాన్న రైల్వేలో చేశాడని చెప్పాను. ఒక క్యారట్ తుడిచి చేతికిచ్చింది.

ఇంటికొచ్చిన రాత్రి ఏడున్నరకు ఫోన్‌ను టీవీకి కలిపాం. మొత్తం రెండు గంటలకు పైగా వీడియో. పాట లేదు, మాట లేదు. కల్లార్‌లో పళ్ల శబ్దం మొదలవగానే నాయన కుడిచెయ్యి దుప్పటి మీద దానితోపాటు ఆడింది. బ్రేక్స్‌మన్ వేళ్ల దగ్గర ఆపమన్నాడు, మళ్లీ పెట్టమన్నాడు. హిల్‌గ్రోవ్ వచ్చింది, కోతులు వచ్చాయి, ఆ తర్వాత ఒక్కసారిగా కూనూరు వచ్చింది.

“నడమ ఏమైంది?”

ఫోన్ నిండిపోయిందని చెప్పాను. నేనూ దారి కోసేసిన సినిమావాళ్లలాగే అయ్యానని బాధేసింది. కానీ ఆయన కళ్లు మూసుకుని, “సరే, చెప్పు” అన్నాడు. చెప్పాను. మలుపులో ఇంజన్ కనిపించడం, పొగ, నీళ్ల శబ్దం, యూకలిప్టస్ వాసన, గాలి ఎక్కడ చల్లబడిందో అది కూడా. ఆయన మధ్యమధ్యలో ఊకొట్టాడు.

“నీళ్లు పట్టుకుని కదిలేటప్పుడు ఎన్ని విజిల్స్ ఏసినాడు?”

“గుర్తులేదు నాయనా.”

“ఈసారి పోయినప్పుడు లెక్కబెట్టు” అన్నాడు, దిండు సర్దమని సైగ చేస్తూ.