ఆయిల్ కూలర్‌కు ట్యూబు ఎంపిక: ఐదు వారాల పని నోట్సు

మొదటి వారం

వర్క్‌షాపులోని చిన్న హైడ్రాలిక్ ప్రెస్ అరగంట నడిస్తే చాలు, నూనె 60 డిగ్రీలు దాటుతోంది. తయారుగా దొరికే కూలర్ ఒకటి బిగిస్తే పూటలో తేలిపోయే పనే. కానీ నున్నటి ట్యూబుకూ, ఒంటి మీద సన్నటి రెక్కలున్న ఫిన్ ట్యూబుకూ, మెలితిప్పిన రేకుపట్టీ (మెలిపట్టీ) దూర్చిన ట్యూబుకూ తేడా ఎంతో స్వయంగా కొలిచి చూడాలని చాలా రోజులుగా కోరిక.

ముందు తేలికైన అమరిక. 12.7 మి.మీ. బయటి వ్యాసం, 11.1 మి.మీ. లోపలి వ్యాసం ఉన్న రాగి ట్యూబు, పొడవు 1.5 మీటర్లు. దాన్ని 25 మి.మీ. గొట్టంలో పెట్టి, లోపల నీళ్లు, చుట్టూ నూనె ఎదురెదురుగా నడిపాను. రెండూ నిమిషానికి 2 లీటర్లు. నూనె ఐఎస్ఓ వీజీ 46 రకం. అంటే 40 డిగ్రీల దగ్గర దాని స్నిగ్ధత, అంటే జిగట, సుమారు 46 సెంటీస్టోక్స్. అదే వేడి దగ్గర నీటిది 0.66. ఈ రెండు అంకెలూ పక్కపక్కనే రాసుకుని కూడా రెండో వారం మెలిపట్టీని నీళ్ల వైపే దూర్చానంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

థర్మామీటర్ల సంగతి విడిగా చెప్పాలి. నీళ్లు లోపలికి వెళ్లేటప్పటికీ బయటికి వచ్చేటప్పటికీ తేడా 1.2 డిగ్రీలే. రెండు సెన్సర్లనూ ఒకే గిన్నెడు నీళ్లలో ముంచితే వాటి మధ్యే 0.7 తేడా! అంటే కొలతలో సగానికి పైగా అబద్ధమే. నాలుగు సెన్సర్లనూ కలిపి దారంతో కట్టి, గోరువెచ్చని నీళ్లలోనూ వేడి నీళ్లలోనూ ముంచి, దేనికి ఎంత సవరణ కావాలో చీటీ రాసి అంటించాను. ఆ తర్వాత నూనె కోల్పోయిన వేడి, నీళ్లు అందుకున్న వేడి పదిశాతం లోపు తేడాతో సరిపోయాయి. ఈ లెక్క కుదరనిదే ఏ ట్యూబునూ పోల్చకూడదు.

నున్నటి ట్యూబుతో నూనె 60 నుంచి 2.8 డిగ్రీలు తగ్గింది.

రెండో వారం

అర మి.మీ. మందం, 10 మి.మీ. వెడల్పు ఉన్న అల్యూమినియం పట్టీ ఒక కొసను వైస్‌లో బిగించి, రెండో కొసను డ్రిల్ చక్‌కు పట్టించి, బిగువుగా లాగుతూ మెల్లగా తిప్పితే చక్కగా మెలితిరుగుతుంది. బిగువు సడలితే పట్టీ మధ్యలో ముడుచుకుపోతుంది; రెండు అలాగే పాడయ్యాయి. ఇలా ప్రవాహాన్ని కలియబెట్టడం కొత్త ఆలోచనేమీ కాదు. 1861లోనే జేమ్స్ జౌల్ ఆవిరిని చల్లబరిచే ప్రయోగాల్లో నీరు పారే సందులో తీగను స్ప్రింగులా చుట్టి చూశాడు.

పట్టీని నీళ్ల ట్యూబులో దూర్చాను. తగ్గుదల 2.8 నుంచి 2.9కి చేరింది. శ్రమంతా ఆ దశాంశం పాలు.

అప్పుడు పట్టీ తీసేసి, ముందే చేయాల్సిన పరీక్ష చేశాను. నీళ్ల ప్రవాహం రెట్టింపు చేశాను: వేడి బదిలీలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. నీళ్లను మళ్లీ 2 లీటర్లకు తెచ్చి నూనెను రెట్టింపు చేశాను: బదిలీ దాదాపు నాలుగో వంతు పెరిగింది. అంటే అడ్డంతా నూనె వైపే ఉంది. లెక్క వేస్తే వేడి దాటడానికి ఎదురయ్యే మొత్తం నిరోధంలో నీళ్ల వాటా 5 శాతమే. ఇలా ఏ వైపు నిరోధం ఎంతో విడదీసే పూర్తి పద్ధతి 1915లో విల్సన్ అనే ఇంజనీరు చూపించాడు: ఒక వైపు వేగాన్ని మాత్రమే మారుస్తూ, మొత్తం వేడి బదిలీ గుణకపు విలోమాన్ని వేగం 0.8 ఘాతపు విలోమంతో గ్రాఫు గీస్తే, గీత అక్షాన్ని తాకే చోట మిగతా నిరోధమంతా బయటపడుతుంది. నేను చేసింది దానికి బడిపిల్లల రూపం.

మూడో వారం

నూనె బయట ఉంది కనుక బయట ఫిన్లున్న ట్యూబు తెచ్చాను: అంగుళానికి 19 ఫిన్లు, ఎత్తు 1.5 మి.మీ., ఉపరితలం నున్నటిదానికి రెండున్నర రెట్లకు పైనే. తగ్గుదల 3.5. ఇంతేనా?

తప్పు ట్యూబుది కాదు, నా అమరికది. నూనె ట్యూబు పొడవునా పారుతోంది. ఫిన్లు దానికి అడ్డంగా నిలబడ్డాయి. జిగట నూనె ఫిన్ల సందుల్లో కదలకుండా కూర్చుని, పైపైన మాత్రమే జారిపోయింది. ఇలాంటి జంట గొట్టంలో ట్యూబు పొడవునా సాగే ఫిన్లు వాడతారు. నా చేతిలో ఉన్నవాటికి మాత్రం నూనె ట్యూబును అడ్డంగా దాటాలి. అంటే ట్యూబుల కట్ట పట్టే పెద్ద గొట్టం (షెల్) కావాలి, లోపల నూనెను అటూఇటూ మళ్లించే బాఫిల్ పలకలు కావాలి.

నాలుగో వారం

54 మి.మీ. షెల్, 60 సెం.మీ. పొడవున్న ఏడు ట్యూబులు, 40 మి.మీ.కు ఒక బాఫిల్. పోలిక కోసం నున్నటివి ఒక కట్ట, ఫిన్లవి ఒక కట్ట. ఫిన్లు ట్యూబు బయటి వ్యాసాన్ని మించవు కాబట్టి రెండింటికీ బాఫిల్ రంధ్రాలు ఒకటే, 13 మి.మీ. కొసల్లో ఫిన్లు లేని నున్నటి భాగం ట్యూబ్ షీట్‌లో (ట్యూబుల కొసలు బిగించే పలకలో) పడేలా కొని తెచ్చుకోవాలి. ఫిన్ల మీద బ్రేజింగ్ (కరిగించిన లోహంతో వేసే అతుకు) నిలవదు. బాఫిల్ అంచుకూ షెల్‌కూ మధ్య సందు ఎక్కువైతే నూనె ఆ దారినే పోతుంది. మొదటి పలకలు అలా కోసి పారేశాను.

నిమిషానికి నూనె 6 లీటర్లు, నీళ్లు 4 లీటర్లు. నున్నటి కట్టతో 4.5 డిగ్రీల తగ్గుదల, ఫిన్ల కట్టతో 6.9.

ఐదో వారం

6.9 మంచి అంకే అయినా ఫిన్ల లెక్క ప్రకారం ఇంకా రావాలి. ఈసారి రెండో వారపు పరీక్షే ముందు చేశాను: నీళ్లు పెంచితే బదిలీ పెరుగుతోంది! కారణం తేలికే. 4 లీటర్ల నీళ్లు ఏడు ట్యూబులకు పంచుకుంటే ఒక్కోదానిలో రేనాల్డ్స్ సంఖ్య (ప్రవాహం ఎంత కలియబడుతుందో సూచించే అంకె) 2,000 లోపే. నీళ్లు పొరలు పొరలుగా, కలవకుండా పోతున్నాయి. అడ్డు ఇప్పుడు నీళ్ల వైపుకు మారింది.

మూలన పడేసిన మెలిపట్టీలు గుర్తొచ్చాయి. దూరిస్తే కొస దగ్గర వెళ్లి, ఆ తర్వాత ఆగిపోయాయి. ఫిన్లను ట్యూబు గోడ నుంచే ఒత్తి తీస్తారు గనుక ఆ భాగంలో లోపలి వ్యాసం 8 మి.మీ.కు తగ్గుతుంది. పైగా రాగి ట్యూబులో నానిన అల్యూమినియం మీద అప్పటికే తెల్లటి పొడి. 7.5 మి.మీ. స్టెయిన్‌లెస్ పట్టీలు కొత్తగా చేశాను, 40 మి.మీ.కు అర మెలిక చొప్పున. నీళ్ల ధార సన్నబడితే వాల్వు కొంచెం తెరిచి మళ్లీ 4 లీటర్లకు తెచ్చాను. తగ్గుదల 9.0.

ముడతల ట్యూబు ఎందుకు వాడలేదని ఒక మిత్రుడు అడిగాడు. రెండు వైపులా నిరోధం దాదాపు సమానంగా ఉండి, రెండింటిలోనూ నీళ్లలాంటి పలచని ద్రవాలే పారుతుంటే అదే తీసుకునేవాణ్ని. లోపల సన్నటి గాడులున్న మైక్రోఫిన్ ట్యూబులు రిఫ్రిజిరెంట్ మరిగే, చల్లారి ద్రవమయ్యే చోట్లకు. ఇక్కడ వాటితో పని లేదు.

పట్టీలను అతికించలేదు. ఒక కొసను కొక్కెంలా వంచి ట్యూబు అంచుకు తగిలించాను. గార పడితే మూత తీసి లాగేయవచ్చు.